రిహార్సల్‌లో ‘లెటర్ డి నుంచి’ అనగానే తప్పిపోతుంటే

చూపులేని నాకు ఆర్కెస్ట్రాలో వాయించాల్సిన వయొలా పార్ట్ (నా వాయిద్యం వంతు స్వరాలు) ఇంట్లో మొత్తం బాగానే వస్తోంది, రిహార్సల్‌లో కండక్టర్ మధ్య నుంచి మొదలుపెడితే దారి తెలియట్లేదు అన్నారు. మీ జ్ఞాపకశక్తికి ఢోకా లేదు. రికార్డింగ్ విని నేర్చుకున్నట్టున్నారు. అందులో రిహార్సల్ అక్షరాలు (ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పడానికి స్వరలిపిలో వేసే ఎ, బి, సి, డి గుర్తులు), బార్ (తాళం ప్రకారం విడదీసిన చిన్న భాగం) నంబర్లు వినపడవు కదా!

1. పార్ట్ మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ను (స్వరలిపి దాచే ఫైల్ రకం) మ్యూజ్‌స్కోర్ 4 అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి బ్రెయిల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. అక్షరాలన్నీ వచ్చాయో లేదో చూపున్నవాళ్లతో ఒకసారి సరిచూపించండి.

2. ఏ అక్షరం దగ్గర నుంచైనా, వరస తప్పించి మొదలుపెట్టడం సాధన చేయండి.

3. చాలామంది వదిలేసేది విరామాలు. 24 బార్ల ఖాళీ ఉంటే లెక్కపెట్టడం ఒక్కటే చాలదు. ఖాళీ మధ్యలో అక్షరం ఎక్కడ పడుతుంది, అక్కణ్నుంచి ఎన్ని బార్లు మిగులుతాయి, మీ ప్రవేశానికి ముందు ఏ వాయిద్యం ఏం పలుకుతుంది, ఇవన్నీ స్వరాలతో పాటే కంఠస్థం కావాలి. తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే.

4. బోయింగ్‌లు (ఏ స్వరానికి కమాను ఎటు లాగాలో) మీ వయొలా బృందం సెక్షన్ లీడర్ దగ్గర ముందే తీసుకోండి. ఎత్తుగడకు ముందు కాస్త వినపడేలా ఊపిరి పీల్చమని పక్కన కూర్చునేవారికి చెప్పండి.

కైరోలోని అల్ నూర్ వల్ అమల్ ఆర్కెస్ట్రాలో చూపులేని మహిళలు బ్రెయిల్‌లో చదివి, కంఠస్థం చేసే కచేరీలిస్తారు. టెన్షన్ వద్దు, ముందు 3 పట్టండి.