మెస్టిస్ గెలిచిన జట్టు నేరుగా లీగాలోకి వెళ్తుందా?

వెళ్లదు, ఫిన్లాండ్ ఐస్ హాకీలో రెండో అంచె అయిన మెస్టిస్‌లో కప్పు గెలిచినంత మాత్రాన పై అంచె లీగాలో చోటు రాదు. లీగాలో ఆడాలంటే లైసెన్సు కావాలి, దానికి ఆటతోపాటు క్లబ్ ఆర్థిక పరిస్థితి, స్టేడియం కూడా చూస్తారు.

మిక్కేలి పట్టణానికి చెందిన యుకురిత్ జట్టునే తీసుకోండి. 2013లో, 2015లో మెస్టిస్ గెలిచినా కిందే ఉండిపోయింది. 2016లో మళ్లీ గెలిచింది. అదే ఏడాది ఎస్పో నగరపు బ్లూస్ క్లబ్ దివాలా తీసి పైన ఖాళీ ఏర్పడితేనే దారి దొరికింది. అన్ని గెలుపుల తర్వాత కూడా అలా ఎదురుచూడాల్సి రావడం అన్యాయమే.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లాగా గెలిచినవాళ్లు పైకి, ఓడినవాళ్లు కిందికి అని చాలామంది పొరబడతారు. 2025లో అర్హత సిరీస్ తిరిగి వచ్చినా, అందులో లీగా జట్టును ఓడించాల్సిందే.