కర్నూలులో బిర్యానీ హోటల్‌కి ఏ బీమా తీసుకోవాలి?

అడిగింది ఇదీ: "రాజ్‌విహార్ దగ్గర అద్దె షట్టర్లలో నలభై సీట్ల బిర్యానీ హోటల్ పెడుతున్నాను. పది లక్షల ముద్ర లోను తీసుకున్నాను. బ్యాంకు వాళ్లే బీమా చేస్తామంటున్నారు, బయట ఏజెంటు ఒకాయన 'ఫుల్ కవర్' ప్యాకేజీ అంటున్నాడు. ఏది మంచిది?"

అన్నా, ఏ కంపెనీ అన్నది ఆఖర్న చూసుకోవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారాలకు అన్ని కంపెనీల్లోనూ ఒకే ప్రామాణిక ఫైర్ పాలసీ ఉంది. దాని పేరు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఒకచోట ఉన్న మీ ఆస్తి మొత్తం విలువ ఐదు కోట్ల లోపు ఉంటే ఇది మీకు వర్తిస్తుంది. నిప్పు, పేలుడు, పిడుగు, గాలివాన, వరద, భూకంపం, అల్లర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఈ పాలసీ షరతుల భాష ఏ కంపెనీ కాగితంలో చూసినా అదే. కాబట్టి క్లెయిమ్ రోజున మీకు డబ్బు వస్తుందా రాదా అన్నది ప్రపోజల్ ఫారంలో, అంటే బీమా దరఖాస్తులో, మీరు రాయించిన విలువల మీద, వర్ణన మీద ఆధారపడి ఉంటుంది. మన దగ్గర హోటలోళ్లు ఎక్కువమంది ఆ ఫారం ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చేస్తారు. ఏజెంటు ఆఫీసులో కూర్చుని నింపుకుంటాడు. నష్టమంతా అక్కడే మొదలవుతుంది.

ఒక సాయంత్రం కూర్చుని వంటింటి లెక్క రాయండి. పొయ్యిలు, తందూరు, గ్రైండర్లు, డీప్ ఫ్రీజర్లు, దేగిశాలు, ఎగ్జాస్ట్ హుడ్డు, ఏసీలు, బల్లలు కుర్చీలు, బిల్లింగ్ కంప్యూటర్, బయట బోర్డు. ఒక్కోదానికి ఈరోజు కొత్తది కొంటే ఎంతవుతుందో ఆ ధర వేయండి. సెకండ్ హ్యాండ్‌లో ముప్పై వేలకు కొన్న ఫ్రీజర్‌కి ముప్పై వేలే రాస్తే, కాలిపోయాక కొత్తది రాదు. సరుకు వేరే లైనులో రాయండి. పెళ్లిళ్ల సీజన్‌లో, రంజాన్ నెలలో బియ్యం, నూనె, మసాలా ఎంత నిల్వ ఉంటుందో ఆ పెద్ద అంకె వేయాలి, మామూలు వారం అంకె కాదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, తక్కువ రాస్తే కోత ఎలా పడుతుందో చూడండి. మీ సామాను ఈరోజు విలువ 20 లక్షలు అనుకుందాం. బ్యాంకు తన లోను 10 లక్షలకు మాత్రమే బీమా చేయించింది. మంటల్లో 6 లక్షల సామాను పోయింది. పది లక్షల పాలసీ ఉంది కదా, ఆరు లక్షలూ వస్తాయని మీరు అనుకుంటారు. రాదు. సగం విలువకే బీమా చేశారు గనక నష్టంలో సగం, అంటే 3 లక్షలే లెక్క కడతారు. దాన్లోంచి ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన వాటా ఇంకొంత పోతుంది. పైగా పాలసీలో బ్యాంకు పేరు ఉంటుంది కాబట్టి ఆ డబ్బు మొదట లోను ఖాతాకే పోతుంది. అదే 17 లక్షలకు రాయించి ఉంటే ఈ కోత ఉండేది కాదు. ఈ పాలసీలో 15 శాతం దాకా తక్కువ రాసినా పట్టించుకోరు.

అందుకే బ్యాంకు బీమా చేస్తానంటే వద్దనకండి గానీ దాని మీదే ఆధారపడొద్దు. బ్యాంకుకు కావాల్సింది తన లోను భద్రం. అక్కడే మొత్తం విలువకు రాయించమని అడగండి. కాదంటే మీ ఇష్టమొచ్చిన కంపెనీలో మీరే పూర్తి విలువకు తీసుకుని, బ్యాంకు పేరు అందులో చేర్పించి, కాపీ బ్యాంకుకు ఇవ్వండి. లోనుకు బీమా ఇక్కడే తీసుకోవాలని మెడ మీద కత్తి పెట్టినట్టు మాట్లాడే మేనేజర్లు ఉన్నారు. లెటర్ రాసి ఇమ్మంటే ఆ మాట మళ్లీ రాదు.

అద్దె షట్టర్లు అన్నారు. గోడలు, స్లాబు ఓనరువి, వాటి బీమా ఆయన పని. కానీ మీరు డబ్బు పెట్టి వేయించిన టైల్స్, ఫాల్స్ సీలింగ్, వైరింగ్, గాజు తలుపు మీవి. వీటిని "అద్దెదారు చేయించిన ఇంటీరియర్ పనులు" అని విడిగా పేరు పెట్టి రాయించాలి. ఫర్నిచర్ అన్న ఒక్క మాట కింద తోసేస్తే, నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ సీలింగ్ బిల్డింగ్‌లో భాగం అంటాడు. వెనక సందులో గోడౌన్ ఉంటే దాని డోర్ నంబరు కూడా పాలసీలో ఉండాలి. చిరునామాలో లేని చోట కాలిన బియ్యానికి ఎవరూ పైసా ఇవ్వరు.

ఇక నిప్పు. హోటల్ వంటింట్లో అన్నింటికన్నా నేను భయపడేది ఎగ్జాస్ట్ గొట్టానికి. చికెన్ ఫ్రై కడాయి మీద నుంచి లేచే నూనె ఆవిరి హుడ్డు జాలీలకు పడుతుంది. జాలీ నిండాక లోపల గొట్టానికి పడుతుంది. ఆరు నెలలు కడగకపోతే నల్లటి జిగట పొర కడుతుంది, గోరుతో గీస్తే మైనంలా లేస్తుంది. ఒక రాత్రి రద్దీలో కడాయి నూనె బాగా కాగి అంటుకుంటుంది. మంట మూరెడు లేచి జాలీని తాకుతుంది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, మంటను గొట్టంలోకి లాక్కుని గాలి కూడా అందిస్తుంది. గొట్టం డైనింగ్ హాలు ఫాల్స్ సీలింగ్ పైనుంచి పోతుంటే అది మండుతున్న సంగతి కింద తినేవాళ్లకు తెలియనే తెలియదు. ఈలోపు కంగారులో వంట మాస్టరు చెంబుడు నీళ్లు కడాయిలో పోస్తాడు. నీళ్లు నూనె కంటే బరువు, అడుక్కు పోయి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

చేయాల్సిన వరస ఇది: సిలిండర్ దగ్గరే గ్యాస్ కట్టేయాలి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపాలి, కడాయి మీద ఇనుప మూత జరపాలి, 101కి ఫోన్ చేయాలి. వంటింట్లో పెట్టుకోవాల్సిన ఆర్పే సిలిండర్ వెట్ కెమికల్ రకం, కె క్లాస్ అని అడగండి. పౌడర్ రకం మంటను ఆర్పినా నూనె వేడి తగ్గక మళ్లీ అంటుకుంటుంది. జాలీలు వారానికొకసారి సోడా వేసిన వేడి నీళ్లలో నానబెట్టి కడగాలి. ఫ్రై ఎక్కువుండే హోటల్‌కి గొట్టం మూడు నెలలకొకసారి శుభ్రం చేయించి ఆ బిల్లు దాచాలి. జాగ్రత్త తీసుకున్నారనడానికి క్లెయిమ్‌లో అదే సాక్ష్యం.

నిప్పంటుకుంటే తెల్లారి సర్వేయర్ వస్తాడు. ముందు గోడ మీద మసి చూస్తాడు, మంట ఎక్కడ మొదలైందో అది చెప్తుంది. కరెంటు స్విచ్చుల ఎంసీబీ బోర్డు విప్పిస్తాడు. తర్వాత సిలిండర్లు లెక్కపెడతాడు. ఇక్కడ మనోళ్లు చాలామంది ఇరుక్కుంటారు. హోటల్‌లో వాడాల్సింది 19 కిలోల కమర్షియల్ సిలిండర్. ఇంటి వాడకపు 14.2 కిలోల ఎర్ర సిలిండర్ హోటల్‌లో కనపడితే అది నేరం, మీ క్లెయిమ్ మీద కొర్రీ వేయడానికి కంపెనీకి మీరే దారి ఇచ్చినట్టు. ఇంకొకటి, లైసెన్సు లేకుండా ఒకచోట ఉంచుకోదగ్గ గ్యాస్ 100 కిలోలు. 19 కిలోలవి ఐదు పెడితే 95, ఆరోది పెడితే 114. ఆదివారం గిరాకీ ఎక్కువని ఆరో సిలిండర్ మూలన నిలబెట్టే హోటళ్లు ఊరంతా ఉన్నాయి. సిలిండర్‌కు కొంత డబ్బు మిగులుతుందని ఇంటి గ్యాస్ వాడి, లక్షల క్లెయిమ్‌ను పణంగా పెట్టడం నాకు ఎంతకీ మింగుడుపడదు.

కాలిన సామాను పాత ఇనుము బండికి అమ్మొద్దు. సర్వేయర్ చూసేదాకా కరిగిన ఫ్రీజర్ అక్కడే ఉండాలి. లేకపోతే ఉందనడానికి రుజువు లేదు. అదే రోజు కంపెనీకి ఈమెయిల్ పంపండి, ఫోన్ చేసి ఊరుకోవద్దు. ఫోటోలు, వీడియో, ఫైర్ స్టేషన్ ఇచ్చే సర్టిఫికెట్, కొన్న బిల్లులు, స్టాక్ పుస్తకం, జీఎస్టీ రిటర్నులు అన్నీ అడుగుతారు. బిల్లులు హోటల్‌లోనే పెట్టుకుంటే అవీ కాలిపోతాయి. ఫోటో తీసి మెయిల్‌లో దాచుకోండి.

ఈ పాలసీ ఇవ్వనివి కూడా చెప్పాలి, "ఫుల్ కవర్" అన్న మాట వీటి దగ్గరే తేలిపోతుంది. కరెంటు పోయి డీప్ ఫ్రీజర్‌లో మటన్ పాడైతే ఫైర్ పాలసీ ఇవ్వదు. చల్లదనం మారి చెడిన సరుకును అది విడిగా మినహాయించింది, దానికి వేరే కవర్ కొనాలి. షార్ట్ సర్క్యూట్‌లో గ్రైండర్ మోటారు ఒక్కటే కాలితే అదీ రాదు, ఆ మంట పక్కకు పాకితే పక్కవాటికి వస్తుంది. మోటార్లకు మెషినరీ బ్రేక్‌డౌన్ అని వేరే ఉంది. మామూలు దొంగతనం కూడా ఇందులో లేదు, ప్రమాదం జరిగిన 7 రోజుల్లో దాని వల్ల జరిగిన దొంగతనమే ఉంది. అందుకే బర్గ్‌లరీ విడిగా తీసుకోవాలి. అందులోనూ తాళం పగిలిన గుర్తు, బలవంతంగా లోపలికొచ్చిన గుర్తు ఉండాలి. పనివాడే గల్లాలోంచి తీస్తే అది ఫిడెలిటీ పాలసీ పని. రాత్రి గల్లా డబ్బు డ్రాయర్‌లో వదిలితే మనీ పాలసీ ఉన్నా కష్టం, బీరువాలో తాళం వేసి ఉండాలి. రిపేర్లకని వరసగా 30 రోజులకు మించి హోటల్ మూసేస్తే ముందే కంపెనీకి రాసి ఒప్పించుకోవాలి.

వరద సంగతి కర్నూలువాళ్లకు చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచాయి. కడపలో బుగ్గవంక, అనంతపురంలో 2022 అక్టోబరున నడిమివంక కూడా ఇళ్లల్లోకి వచ్చాయి. పాత రకం ఫైర్ పాలసీల్లో ప్రీమియం తగ్గించడానికి వరద ముక్క తీసేసే అలవాటుండేది. మీకిచ్చింది ఆ రకం కాదని, మీ కాగితంలో వరద ఉందని వేలు పెట్టి చూపించమనండి. ఫ్రీజర్లు అడుగు ఎత్తు గట్టు మీద పెట్టండి, మూటలు నేల మీద వద్దు.

ఏజెంట్లు దాదాపు ఎవరూ ఎత్తనిది పనివాళ్ల సంగతి. పదిమంది కంటే తక్కువ ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) లేకపోతే పరిహారం మొత్తం మీ మెడకే. లెక్క ఇలా ఉంటుంది: చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు. 25 ఏళ్ల కుర్రాడికి ఆ గుణకం 216.91. నెలకు 14,000 జీతమైతే 7,000 × 216.91, అంటే 15,18,370 రూపాయలు. గ్యాస్ ప్రమాదంలో ఒక్కడు పోయినా మీ హోటల్ అమ్మినా తీరదు. దీనికి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ ఉంది, చిన్న హోటల్‌కి ప్రీమియం భరించలేనిదేమీ కాదు. అందులో అసలు జీతాలే రాయించండి, గిన్నెలు కడిగే ఆవిడ దగ్గర్నుంచి అందర్నీ లెక్కపెట్టండి, ఆసుపత్రి ఖర్చు అదనపు కవర్‌గా అడిగి చేర్పించండి. కాలిన గాయాలకు అసలు ఖర్చు ఆసుపత్రిలోనే అవుతుంది. మీరు వేరే ఏదీ కొనకపోయినా ఇది కొనాలన్నది నా గట్టి మాట.

తిని జబ్బు పడ్డారని ఎవరైనా కన్స్యూమర్ కమిషన్‌కు పోతే పబ్లిక్ లయబిలిటీ పాలసీ పనికొస్తుంది. కానీ మామూలుగా అది జారిపడటం, బోర్డు మీద పడటంలాంటి వాటికే. ఆహారం వల్ల కలిగే హానిని ఎక్స్‌టెన్షన్‌గా, అంటే అదనపు కవర్‌గా, పేరు పెట్టి చేర్పించాలి. ఒక ఘటనకు ఎంత, ఏడాదికి ఎంత అని రెండు పరిమితులుంటాయి, రెండూ చూడండి. గొడవ జరిగిన రోజు "తప్పు మాదే" అని రాసివ్వొద్దు, కంపెనీకి చెప్పకుండా రాజీ డబ్బు ఇవ్వొద్దు. ఇస్తే ఆ డబ్బు తిరిగి రాదు.

హోటల్ మూతపడిన నెలల్లో అద్దె, జీతాలు, పోయిన లాభం కోసం లాస్ ఆఫ్ ప్రాఫిట్ కవర్ ఉంది. కానీ అది ఫైర్ క్లెయిమ్ ఒప్పుకున్నాకే కదులుతుంది. లెక్కంతా మీ పుస్తకాల్లోంచే తీస్తారు. జీఎస్టీలో రోజుకు ఎనిమిది వేలు అమ్మకం చూపించి, నిప్పంటుకున్నాక ముప్పై వేలు పోతోందంటే ఎవరూ నమ్మరు. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా ఖర్చే అనుకోండి, 5 శాతం కట్టే హోటళ్లకు అది వెనక్కి రాదు.

క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు తీర్చే అధికారికి, పంపొచ్చు. సొంత పేరు మీద నడిపే వ్యాపారాలకు, సూక్ష్మ సంస్థలకు అది వర్తిస్తుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాదిలోపు పంపాలి.

పాలసీ చేతికొచ్చిన రోజే నాలుగు చోట్ల చూడండి: డోర్ నంబరు, వ్యాపారం అన్న చోట "వంట చేసే రెస్టారెంటు" అని ఉందా లేక దుకాణం అని రాశారా, ఇంటీరియర్‌కు విడి లైను ఉందా, సరుకు విలువ మీరు ఇచ్చినదేనా. తప్పుంటే ఆ రోజే ఈమెయిల్ పెట్టి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి సవరణ, అడగండి. పొయ్యి వెలిగించేది ఆ సవరణ కాగితం వచ్చాకే.