కెమెరా కంపెనీ మార్చాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నికాన్ డి750నీ లెన్సులన్నిటినీ అమ్మేసి సోనీకి మారిపోవాలనుకుంటున్నట్టు నువ్వు రాసిన ఉత్తరం చదివాను. 2014లో వచ్చిన ఆ కెమెరాతో పెళ్లిళ్లు తీయడం ఇప్పుడు కష్టంగా ఉందంటే నేను కాదనను. తలంబ్రాలు పోస్తూ పెళ్లికూతురు నవ్వుతూ అటూ ఇటూ కదులుతున్నా ఆమె కంటిని పట్టుకుని వదలని ఫోకస్ లోపల అద్దం లేని ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలలో ఉంది, నీ దానిలో లేదు. అయితే ఆ సదుపాయం సోనీ ఒక్కదానికే పరిమితం కాదు కనుక, బాడీ (లెన్సు కాక మిగిలిన కెమెరా) మార్చడమూ కంపెనీ మార్చడమూ వేర్వేరు నిర్ణయాలని ముందు గ్రహించు.

నువ్వు పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం లెన్సులలోనే ఉంది. మౌంట్ అంటే కెమెరాకు లెన్సు బిగించే చోటు. నికాన్ 1959 నుంచి వాడుతున్న ఎఫ్ మౌంట్‌కూ సెన్సర్‌కూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, 2018లో వచ్చిన జెడ్ మౌంట్‌లో అది 16 మిల్లీమీటర్లే కాబట్టి, మిగిలిన చోటులో, ఎఫ్ లెన్సును జెడ్ బాడీకి కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ అమరుతుంది. నీ 24-70, 70-200, 85 మి.మీ. లెన్సులు మూడూ ఏఎఫ్-ఎస్ రకం, ఫోకస్ తిప్పే మోటారు వాటిలోనే ఉంది, అందుచేత అడాప్టర్ మీదా ఆటోఫోకస్ చేస్తాయి. 50 డి (50 మి.మీ., డి రకం) లెన్సు మాత్రం చేయదు. దాన్ని తిప్పే మోటారు నీ డి750 బాడీలో ఉంది, అడాప్టర్‌లో లేదు. ఇతర కంపెనీల అడాప్టర్లతో నికాన్ లెన్సులను సోనీకి బిగించే వీలు ఉన్నా, ముహూర్తం వేళ వాటి ఫోకస్‌ను నమ్ముకోమని నేను చెప్పలేను.

సోనీకి ఉన్న బలాన్ని తక్కువ చేయడం లేదు. దాని ఈ-మౌంట్ 2010 నుంచి ఉంది. సిగ్మా, టామ్రాన్ అనే ఇతర కంపెనీల లెన్సులు దానికి విరివిగా దొరుకుతాయి. నీతో కలిసి పనిచేసేవాళ్లందరూ సోనీ వాడుతూ, లెన్సులు ఇచ్చిపుచ్చుకుంటూ, ఆల్బమ్ అంతటా ఒకే రంగు రావాలని కోరుకుంటుంటే, మారడానికి అంతకన్నా గట్టి కారణం నాకు కనిపించదు.

నేనూ ఒకసారి మాఘమాసం పెళ్లిళ్లకు వారం ముందు ఉన్నదంతా అమ్మి వేరే కంపెనీకి మారాను. పాత ఫ్లాష్‌లు కొత్త కెమెరాతో, వెలుతురును కెమెరాయే కొలిచి ఫ్లాష్‌ను సర్దే టీటీఎల్‌లో పనిచేయలేదు. నికాన్ లెన్సు బిగించే దిశకు కొత్తదాని దిశ వ్యతిరేకం కావడంతో, సరిగ్గా జీలకర్ర-బెల్లం పెట్టే సమయానికి నా చేతులు లెన్సును తప్పు వైపు తిప్పుతూ ఉండిపోయాయి. ఆ ఫోటో లేని ఆల్బమ్‌ను పెళ్లికూతురి తండ్రి చేతిలో పెట్టిన రోజు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అందువల్ల ఏ మార్పైనా పెళ్లిళ్లు లేని ఆషాఢంలో పెట్టుకో. దానికి ముందు ఒక పెళ్లికి నికాన్ జెడ్ బాడీని ఎఫ్‌టీజెడ్‌తోనూ, మరో పెళ్లికి సోనీని దాని సొంత లెన్సుతోనూ అద్దెకు తీసుకుని, డి750 పక్కన రెండో కెమెరాగా వాడి చూడు. ఎల్ఈడీ లైట్లున్న వేదిక దగ్గర చప్పుడు లేని సైలెంట్ షట్టర్‌తో కూడా కొన్ని తీయి. సెన్సర్‌ను వేగంగా చదవలేని బాడీలలో ఫోటో మీద అడ్డచారలు పడతాయి. ఫ్లాష్‌లు, వాటిని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్, బ్యాటరీల ఖర్చు కూడా లెక్కలో కలుపు.

నీ స్థానంలో నేనుంటే 2024లో వచ్చిన జెడ్6 మూడో తరం బాడీని అడాప్టర్‌తో తీసుకుని, 50 డి లెన్సును డి750కే ఉంచి, దాన్ని రెండో కెమెరాగా కొనసాగిస్తాను. అద్దె కెమెరాలతో తీసిన ఫోటోలలో ఫోకస్ తప్పినవాటిని చెరిపేయకుండా తీసుకురా. వాటినే ముందు చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య