శాంతిని కాయడం, శాంతిని నెలకొల్పడం

సందేహం: కెనడా విదేశాంగ విధానం మీద ఒక వ్యాసం తెనిగిస్తున్నాను. ఆ దేశం ‘పీస్‌కీపింగ్ నుంచి పీస్‌బిల్డింగ్‌కు మళ్లింది’ అన్నచోట ఆగిపోయాను. పత్రికల్లో రెండింటికీ ‘శాంతి స్థాపన’ కనిపిస్తోంది. ఏది సరి? అగ్రరాజ్యమూ చిన్నదేశమూ కాని ‘మిడిల్ పవర్’ను ‘మధ్యమ శక్తి’ అనవచ్చా? (ఒక పాఠకుడు)

సమాధానం: పత్రికల బాట పడితే మీ కెనడా ‘శాంతి స్థాపన నుంచి శాంతి స్థాపనకు’ మళ్లుతుంది! మొదటిదానికి ‘శాంతి పరిరక్షణ’ ఉండనే ఉంది, దాన్ని కదపకండి. ‘పరి’ అంటే చుట్టూ. చుట్టూ నిలబడి కాయడం. కాయాలంటే చేలో పంట ముందే ఉండాలి. 1956లో సూయెజ్ సంక్షోభంలో కెనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్ ప్రతిపాదించిన ఐక్యరాజ్య సమితి దళం చేసింది ఆ పనే. కాల్పులు ఆగాక, ఈజిప్టు ఒప్పుకున్నాక, ఈజిప్టు, ఇజ్రాయెల్ సేనల నడుమ నిలబడింది. ఆత్మరక్షణకు తప్ప తుపాకీ ఎత్తకూడదన్నది నియమం. ఆ ఒప్పుకోలే దాని ఆయువుపట్టు: 1967 మేలో ఈజిప్టు వెళ్లిపొమ్మంది, దళం కదిలింది, జూన్‌లో యుద్ధం వచ్చిపడింది. సైప్రస్‌లోనూ గ్రీకు, టర్కీ వర్గాల నడుమ 1964 నుంచి 1993 దాకా కెనడా సైనికులు కాపలా కాశారు. వారు వచ్చేసేనాటికీ ద్వీపం రెండు ముక్కలే.

రెండోదానికి నా ఓటు ‘నెలకొల్పడం’. ఈ మాట మీద నాకు మమకారం ఎక్కువ, ఓర్చుకోండి. ఇందులోని ‘నెల’ చందమామా కాదు, ముప్ఫై రోజులూ కాదు. ‘నెలవు’లో ఉన్న నెల: చోటు, ఉనికిపట్టు. కన్నడంలో ‘నెలె’, తమిళంలో ‘నిలై’ దీని చుట్టాలే. నెలవు చేసుకుని ఉండిపోతే నెలకొనడం. మేలుకొను మేలుకొల్పు అయినట్టే, అలా ఉండిపోయేట్టు చేస్తే నెలకొల్పడం. సుమతీ శతకకారుడు ‘తమ తమ నెలవులు దప్పిన తమ మిత్రులె శత్రులౌట తథ్యము’ అన్నాడు. నీటిలో ఉన్నంతసేపూ కమలానికి సూర్యుడు చుట్టం; నీటిని వీడిందా, ఆ ఎండకే కమిలిపోతుంది. ఊళ్లు విడిచిన కాందిశీకుల గురించి ఇంతకంటే ఏం చెప్పగలం?

కెనడా మళ్లిన దారి కూడా ఈ నెలవుల దారే. విదేశాంగ మంత్రి లాయిడ్ ఆక్స్‌వర్దీ 1996లో ‘పీస్‌బిల్డింగ్’ పేరుతోనే ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. 1997 డిసెంబరులో మనుషుల్ని చంపే మందుపాతరల నిషేధ ఒప్పందం మీద ఒట్టావాలోనే సంతకాలయ్యాయి. ఈ పనిలో ఒకటి తప్పితే రెండోది నిలవదు. పాతరలు తీయనిదే రైతు చేలో అడుగుపెట్టలేడు. తుపాకీ అప్పగించినవాడికి పని చూపకపోతే మళ్లీ ముఠాలో చేరతాడు. పోలీసులు, కోర్టులు కుదుటపడకుండా ఎన్నికలు పెడితే ఓడినవాడు అడవి పడతాడు. సైనికుడొక్కడి వల్ల అయ్యే పనులు కావివి.

ఇంత బరువైన క్రియను మన విలేకరులు ఏం చేశారో చూడండి. ‘ఉద్రిక్తత నెలకొంది’, ‘గందరగోళం నెలకొంది’ అని రోజూ రాస్తారు. గంటలో చెదిరిపోయే గుంపుకు నెలవెక్కడిది? ఉద్రిక్తత ‘రేగింది’ అంటే సిరా ఎక్కువ ఖర్చవుతుందా?

‘స్థాపన’ తప్పని అనను. కానీ శంకుస్థాపనలు చూసి చూసి ఆ మాట మనకు ఒక పూట పనిగా స్థిరపడింది. తగవు పడ్డవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించడానికి ‘సంధి కుదర్చడం’ ఉంది. తిక్కన కృష్ణుడు వెళ్లింది అందుకే. ‘శాంతిసేన’ పేరు చూసి పని తేల్చకండి; 1987లో శ్రీలంకకు పోయిన మన దళం కొన్ని నెలలకే యుద్ధంలో దిగింది.

‘మధ్యమ శక్తి’ వాడుకోండి. కౌటిల్యుడి ‘మధ్యముడు’ మాత్రం వేరు: తగవుపడ్డ రాజులిద్దరికీ పొరుగువాడు, ఇద్దరినీ విడివిడిగా అణచగలవాడు. అటు అమెరికా, ఇటు ఆర్కిటిక్ మీదుగా రష్యా ఉన్న కెనడాకు పొరుగు సరిపోతుంది, అణచడం సరిపోదు.

ఇక ఒక చిక్కు. ‘నెలకొల్పడం’ వాక్యంలో ఒదిగినంత చక్కగా సమాసంలో ఒదగదు. 2005లో సమితి పెట్టిన పీస్‌బిల్డింగ్ కమిషన్‌ను ‘శాంతి నెలకొల్పు సంఘం’ అంటే నాకే నవ్వొస్తుంది. అలాంటిచోట ‘శాంతి నిర్మాణ సంఘం’ అనండి, అభ్యంతరపెట్టను. వ్యాసం లోపల మాత్రం ‘శాంతిని కాయడం నుంచి నెలకొల్పడానికి’ అని ఒకసారి రాసి, పైకి చదివి చూడండి.