బాల్టిమోర్‌లో వందేళ్ల నాటి రో హౌస్ కొంటున్నాం. అందులో ఇంతకుముందు ఎవరుండేవారో తెలుసుకునే వీలుందా? ఉంటే ఏ వరుసలో వెతకాలి?

ఉంది. మన ఊళ్లలో ఒక పాత ఇంటి గురించి తెలుసుకోగలిగిన దానికంటే చాలా ఎక్కువే తెలుస్తుంది. "ఆ ఇంట్లో ఎవరెవరు పోయారో ఏమో" అని మీ అత్తగారు భయపడుతున్నారని రాశారు. దానికీ జవాబు దొరుకుతుంది, కింద రాస్తాను.

మాదీ అలాంటి ఇల్లే. ప్యాటర్సన్ పార్కుకు ఉత్తరాన ఉంది. పద్నాలుగు అడుగుల వెడల్పు, రెండంతస్తులు, రెండు పక్కలా పొరుగువాళ్లతో ఉమ్మడి గోడలు, ఫుట్‌పాత్ మీదకు దిగే మూడు పాలరాతి మెట్లు. దాని పూర్వాపరాలు వెతికిన అనుభవంతో ముందుగా ఒక్క మాట చెబుతాను: దస్తావేజులు దొరికాయి కదా అని అక్కడితో ఆగకండి. ఇల్లు ఎవరి పేరున ఉందో వాటిలో ఉంటుంది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎవరో ఉండదు. ఈ ఊళ్లో చాలాకాలం ఆ ఇద్దరూ వేరువేరు మనుషులు.

అయినా కాగితాల్లో మొదట చూడాల్సింది దస్తావేజులనే. మన ఊళ్లలో ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు చూసుకుంటాం కదా, పని అదే. బాల్టిమోర్ ఉన్న మేరీల్యాండ్ రాష్ట్రంలో అయితే ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఎమ్‌డీ ల్యాండ్‌రెక్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిస్తే పాత రిజిస్ట్రేషన్ పుస్తకాల పేజీలన్నీ బొమ్మలుగా కనిపిస్తాయి. పుస్తకాన్ని లిబర్ అని, పేజీని ఫోలియో అని అంటారు. ఈ ఆస్తి అమ్మేవారికి ఎవరి దగ్గర్నుంచి, ఏ లిబర్‌లో, ఏ ఫోలియోలో సంక్రమించిందో సాధారణంగా ప్రతి దస్తావేజులోనూ రాసి ఉంటుంది. అది పట్టుకుని ఒక్కో మెట్టు వెనక్కి దిగుతూ పోతే చివరికి వరుస మొత్తం కట్టించిన బిల్డరు పేరు తగులుతుంది.

అలా వెళ్తున్నప్పుడు మీకు గ్రౌండ్ రెంట్ అనే మాట ఎదురవుతుంది. దీన్ని తొందరపడి దాటేయకండి. ఈ ఊళ్లో బీదవాళ్లు సొంతిల్లు ఎలా కొనగలిగారన్నది దీన్ని బట్టే అర్థమవుతుంది. ఇక్కడ ఇల్లు కొన్నవాడు గోడలు, కప్పు మాత్రమే కొనేవాడు. కింద నేల వేరొకరిది. ఆ నేలను 99 ఏళ్లకు, ఎన్నిసార్లయినా పొడిగించుకునేలా లీజుకు ఇచ్చేవారు. ఏడాదికి రెండు దఫాలుగా నేలకు అద్దె కట్టాలి. భూమి ధర కలవదు కాబట్టి ఇంటి ధర తగ్గేది. ఆ ధర కూడా తమ భాషవాళ్లు నడిపే, ఇళ్లకు అప్పిచ్చే బిల్డింగ్ అండ్ లోన్ సంఘంలో వారం వారం కొంత కట్టుకుంటూ తీర్చుకునేవారు. రోజు కూలీ మీద బతికే వలసజనం ఇన్ని వేల ఇళ్లకు యజమానులయ్యారంటే ఈ రెండు ఏర్పాట్ల వల్లే. నన్నడిగితే ఈ ఊరి చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే.

పాత కథే అనుకోకండి, మీకు ఇప్పటికీ పనికొచ్చేదే. మీ ఇంటి కింద నేలకు గ్రౌండ్ రెంట్ ఇంకా నడుస్తూ ఉండొచ్చు. 2007 నుంచి ఇళ్లకు కొత్తగా ఇలాంటి లీజులు పెట్టడం నిషేధం, పాతవి మాత్రం ఉన్నాయి. రాష్ట్ర పన్నుల మదింపు శాఖ దగ్గర వాటికొక రిజిస్ట్రీ ఉంది. సంతకాలకు ముందే అందులో చూడమని, ఆస్తి హక్కులు పరిశీలించే మీ టైటిల్ కంపెనీని అడగండి. ఉన్నట్టు తేలితే డబ్బు కట్టి విడిపించుకోవచ్చు. 1888 ఏప్రిల్ నుంచి 1982 మధ్య దాకా పెట్టిన లీజులకు లెక్క ఏడాది అద్దెను 6 శాతంతో భాగించడం. ఏడాదికి 90 డాలర్లయితే 1,500 డాలర్లు కడితే నేల కూడా మీదవుతుంది.

ఇక మనుషుల సంగతి. అందుకు పదేళ్లకోసారి జరిగే జనాభా లెక్కల కాగితాలు చూడాలి. అమెరికాలో ఇవి 72 ఏళ్లు గోప్యంగా ఉంచి తర్వాత అందరికీ తెరుస్తారు. 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. 1890 నాటివి మాత్రం ఆశించకండి, 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత వాటిలో దాదాపు ఏమీ మిగల్లేదు. కాగితం అంచున నిలువుగా వీధి పేరు, దాని పక్క గడిలో ఇంటి నంబరు రాసి ఉంటాయి. మీ నంబరు కనిపించేదాకా పేజీలు తిప్పుతూ పోవడమే. ఒక్కోసారి ఎన్ని వీధులు తిరిగినా దొరకదు, లెక్క రాసినాయన మూల తిరిగి వేరే పేజీలో రాసి ఉంటాడు.

మా ఇంటికి 1910లో ఒక దర్జీ కుటుంబం కనిపించింది. ఆయన పుట్టిన దేశం ఆస్ట్రియా అనీ, మాతృభాష బొహీమియన్ అనీ రాసి ఉంది. అంటే ఇప్పటి లెక్కలో చెక్ జాతివాళ్లు. ఆ ఏడాది లెక్కల్లో మాతృభాష అడగడం చరిత్ర వెతికేవాళ్లకు గొప్ప మేలు చేసింది. అప్పటికి చెకోస్లోవేకియా లేదు, పోలండ్ పేరుతో దేశమూ లేదు. భాష గడి లేకపోతే వీళ్లంతా ఆస్ట్రియా, రష్యా, జర్మనీ వాళ్లుగానే మిగిలిపోయేవారు. జర్మనీలోని బ్రెమెన్ నుంచి ఓడల్లో వచ్చి ఇక్కడి లోకస్ట్ పాయింట్ రేవులో దిగినవాళ్లు ఈ తూర్పు పేటల్లో వేలల్లో ఉన్నారు. రైలు కంపెనీ, ఓడల కంపెనీ 1867లో కుదుర్చుకున్న ఒప్పందంతో ఆ దారి తెరుచుకుంది.

ఆ పద్నాలుగు అడుగుల ఇంట్లో భార్యాభర్తలు, నలుగురు పిల్లలు, వాళ్లతోపాటు భోజనంతో సహా అద్దెకున్న ఇద్దరు మగవాళ్లు ఉండేవారు. వాళ్లిద్దరూ కుట్టుపని షాపులో ఆ దర్జీతో కలిసి పనిచేసేవారేమో, ముగ్గురి వృత్తీ ఒకటే. వాళ్ల పేర్లు ఏ దస్తావేజులోనూ లేవు. మేడ మీద మధ్య గదిలో పడుకునేవారని నా ఊహ. పక్క గోడలకు కిటికీలు ఉండవు కాబట్టి ఈ ఇళ్లలో మధ్య గది చీకటిగా ఉంటుంది. అద్దెకిచ్చేది ఆ గదే అయి ఉంటుంది. అప్పటికి ఊళ్లో భూగర్భ మురుగునీటి పైపులు ఇంకా వేస్తూనే ఉన్నారు. ఎనిమిది మందికి పెరట్లో ఒకే మరుగుదొడ్డి.

ఆ కాగితంలోనే మీ అత్తగారి ప్రశ్నకు జవాబు ఉంది. 1900, 1910 లెక్కల్లో ప్రతి తల్లినీ "ఎంతమందిని కన్నావు, ఎంతమంది బతికున్నారు" అని అడిగారు. మా ఇంటి ఇల్లాలి పేరు ఎదుట ఏడు, పక్కన నాలుగు అని ఉంది. ముగ్గురు ఎక్కడ పోయారో, ఇక్కడో సముద్రం అవతలో, ఆ గడి చెప్పదు. పాత పత్రికల్లోని మరణ ప్రకటనలు చూస్తే మరింత తెలుస్తుంది. అప్పట్లో శవయాత్ర ఇంటి నుంచే బయల్దేరేది కాబట్టి చిరునామా వేసేవారు. ఆ దర్జీ అంతిమయాత్ర మా ముందు గదిలోంచే మొదలైంది. ఇది చదివి చెప్పినప్పుడు మా అమ్మ మొదట కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ తల్లి గురించే అడిగింది: ఆవిడ ఏం పని చేసేది, మిగిలిన పిల్లలు బాగుపడ్డారా అని. నలుగురూ చదువుకున్నారని, పెద్దమ్మాయి పెళ్లయ్యాక కూడా ఇదే ఇంట్లో ఉందని చెప్పాక అమ్మకు భయం పోయింది. మీ అత్తగారికి మొత్తం చెప్పండి, దాచకండి. వందేళ్ల ఇంట్లో చావు జరగకుండా ఉండదు. పుట్టుకలూ ఇంట్లోనే జరిగిన కాలం అది.

ఈ పేటలో పుట్టిన ఒక కళ గురించి చెప్పాలి. మాకు కొద్ది దూరంలోనే, యాష్‌ల్యాండ్ అవెన్యూ మూలన, విలియం ఆక్టావెక్ అనే చెక్ జాతి కిరాణా వ్యాపారి ఉండేవాడు. 1913 వేసవిలో ఆయన తన కొట్టు తలుపు జాలీ మీద కూరగాయలు, పళ్ల బొమ్మలు వేశాడు. బయటివాళ్లకు బొమ్మ కనిపిస్తుంది, లోపలివాళ్లకు వీధి కనిపిస్తుంది. రో హౌస్ ముందు గది కిటికీ ఫుట్‌పాత్‌ను ఆనుకునే ఉంటుంది కదా. వేసవిలో తెరిచి పెడితే పోయేవాళ్లందరికీ ఇల్లంతా కనిపిస్తుంది. అందుకని ఇరుగుపొరుగులు తమ జాలీలకూ బొమ్మలు వేయించుకున్నారు, అలా వీధులకు వీధులు నిండిపోయాయి. మీరు కొనే ఇంటి బేస్‌మెంట్‌లో తుప్పు పట్టిన జాలీ ఫ్రేము ఏదైనా ఉంటే పారేయకండి, వెలుగుకు ఎత్తి చూడండి.

ఒక ఇంట్లో ఎవరున్నారన్నది తెలిశాక, ఎవరిని ఉండనివ్వలేదన్నదీ చూడాలి. ఇది చదివాక నాకు ఈ ఊరు ముందులా కనిపించలేదు. 1910లో ఆష్బీ హాకిన్స్ అనే నల్లజాతి న్యాయవాది, తెల్లవాళ్లుండే మెకల్లో వీధిలో 1834 నంబరు రో హౌస్ కొన్నాడు. తన బంధువు, తనతో కలిసి ప్రాక్టీసు చేసే జార్జ్ మెక్‌మెకెన్‌కు దాన్ని అద్దెకిచ్చాడు. మెక్‌మెకెన్ యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివినవాడు. అయినా ఊరు అట్టుడికింది. ఆ ఏడాది డిసెంబరుకల్లా నగర పాలకులు ఒక చట్టం చేశారు: తెల్లవాళ్లు ఎక్కువున్న బ్లాకులోకి నల్లవాళ్లు, నల్లవాళ్లు ఎక్కువున్న బ్లాకులోకి తెల్లవాళ్లు కాపురానికి వెళ్లకూడదు. అమెరికాలో ఇలాంటి నగర చట్టం ఇదే మొదటిది. 1917లో సుప్రీంకోర్టు ఇలాంటి చట్టాలు చెల్లవంది. దాంతో అదే నిషేధం పొరుగువాళ్ల ఒప్పందాల్లోకి, దస్తావేజుల్లోని షరతుల్లోకి మారింది. 1948లో కోర్టులు వాటినీ అమలు చేయడం మానేదాకా అలాగే నడిచింది. పాత కాగితాలు తిప్పుతుంటే మీకూ అలాంటి వాక్యం కనిపించవచ్చు. దానికిప్పుడు చెల్లుబాటు లేదు, చదివితే మాత్రం కడుపులో తిప్పుతుంది. ఇవాళ మన పేర్లతో ఈ ఇళ్లు రిజిస్టరు అవుతున్నాయంటే, ఆ కోర్టుల్లో పోరాడినవాళ్ల పుణ్యం అందులో ఉంది.

1950ల తర్వాత దస్తావేజులు మూగబోతాయి. దర్జీ కూతురి కుటుంబం ఇల్లు అమ్మేసింది. ఆ తర్వాత యజమానులుగా కనిపించేవి కంపెనీల పేర్లు, ఒకే రోజున పదేసి ఇళ్లు కొన్న మనుషుల పేర్లు. జనాభా లెక్కలు 1950 దగ్గరే ఆగాయి. ఇక్కడ ఇనోక్ ప్రాట్ లైబ్రరీలోని మేరీల్యాండ్ విభాగం ఆదుకుంటుంది. అక్కడి పాత నగర డైరెక్టరీల్లో కొన్నింట్లో వీధుల వారీ భాగం ఉంటుంది, నంబరు ఎదుట కాపురమున్నవాళ్ల పేరు. అగ్నిప్రమాద బీమా కోసం గీసిన శాన్‌బార్న్ పటాలూ చూడండి. వాటిలో గులాబీ రంగు వేస్తే ఇటుక, పసుపు వేస్తే చెక్క. మా వంటగది ఒక పటంలో పసుపు, తర్వాతి దాంట్లో గులాబీ.

మా ఇంటికి ఆ మధ్యకాలపు కథ చెప్పింది మాత్రం కాగితం కాదు, రెండు గుమ్మాల అవతల ఉండే పెద్దావిడ. 1960ల్లో మా ఇంట్లో అద్దెకున్నది లంబీ తెగ కుటుంబమని ఆవిడ చెప్పింది. లంబీలు నార్త్ కరోలినాలోని రాబ్సన్ కౌంటీకి చెందిన ఆదివాసులు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పొలాలు వదిలి ఫ్యాక్టరీ పనులకు, తాపీ పనులకు ఈ పేటకు గుంపులుగా వచ్చారు. 1968లో బాల్టిమోర్ అమెరికన్ ఇండియన్ సెంటర్ పెట్టుకున్నారు, అది బ్రాడ్‌వే మీద ఇప్పటికీ ఉంది. ఆ ఇల్లాలు శనివారాలు పొడి సబ్బు చల్లి పాలరాతి మెట్లు తోమేదనీ, వేసవి సెలవుల్లో పిల్లల్ని కరోలినాకు, అమ్మమ్మ దగ్గరకు పంపేదనీ పెద్దావిడ చెప్పింది. వాళ్ల తర్వాత చాలామంది మారారు, చివర్లో హోండురస్ నుంచి వచ్చిన కుటుంబం. అద్దెదారులు కాబట్టి రిజిస్ట్రేషన్ పుస్తకాల దృష్టిలో వీళ్లెవరూ లేరు. నా దృష్టిలో ఈ ఇంటికి వీళ్లు ఆ దర్జీ కుటుంబంతో సమానం. అందుకే వాళ్ల పేర్లు, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాసి ఇంటి కాగితాల ఫైల్లో పెట్టాను. రేపు మా దగ్గర కొనేవాళ్లకు ఆ ఫైలూ ఇస్తాను.

ఇంటి ఒంటి మీద కూడా కొంత చదువుకోవచ్చు. ముందు గోడ రాతితో కట్టినట్టు కనిపిస్తే అది నిజం రాయి అయ్యే అవకాశం తక్కువ. అది ఫార్మ్‌స్టోన్, రంగు కలిపిన సిమెంటు పూత. ఇక్కడే 1937లో పేటెంటు పొందింది. తరవాతి రెండు దశాబ్దాల్లో ఇటుకకు రంగులు వేసే బాధ తప్పుతుందని ఇంటింటికీ వేయించుకున్నారు. లోపల తలుపుల మీది రంగు పొరలు మాత్రం చరిత్ర కోసమని గీకకండి. ఇళ్ల లోపల సీసం కలిసిన రంగులను బాల్టిమోర్ 1951లోనే నిషేధించింది, దేశమంతటా నిషేధం వచ్చింది 1978లో. వందేళ్ల ఇంట్లో కింది పొరల్లో సీసం ఉందనే అనుకోవాలి. మీకు చిన్నపిల్లలున్నారన్నారు కాబట్టి, చేరకముందే లైసెన్సున్నవాళ్లతో పరీక్ష చేయించండి.

మీరు కొనేది 1887కు ముందు కట్టిన ఇల్లయితే ఒక జాగ్రత్త. ఆ రోజుల్లోనే ఊళ్లో ఇళ్ల నంబర్లన్నీ మార్చారు, అంతకుముందు కాగితాల్లో మీ నంబరు వేరే ఇంటిది కావచ్చు. లైబ్రరీలో అడిగితే పాత, కొత్త నంబర్ల పట్టిక చూపిస్తారు. పని వరుస అడిగారు కదా, నేనైతే ముందు ఆ వీధిలో అందరికంటే ఎక్కువకాలంగా ఉంటున్నవాళ్ల తలుపు కొడతాను. దస్తావేజులు, జనాభా లెక్కలు ఆ తర్వాత.