కార్డు వేసినా 'మెమరీ ఫుల్' ఎందుకంటోంది?

ప్రశ్న: ఫోన్ కొన్నప్పుడు మెమరీ 8 జీబీ అని చెప్పిండ్రు. మేడారం జాతరల వీడియో తీస్తుంటే 'మెమరీ ఫుల్' అని మధ్యలనే ఆగింది. 64 జీబీ కార్డు వేసినా మళ్ల అదే. కార్డేమో ఖాళీగనే ఉంది. ఏం చెయ్యాలె?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: మీకు చెప్పిన 8 జీబీ ర్యామ్ అయి ఉంటుంది. తెరిచిన యాప్‌లు నడవడానికి వాడుకునే చోటు అది, ఫోన్ ఆపితే ఖాళీ అయిపోతుంది. ఫొటోలు, వీడియోలు ఉండేది స్టోరేజీలో. డబ్బా మీద 8/128 అని ఉంటే 128 అన్నది స్టోరేజీ. నిండింది అదే. రెండింటినీ మెమరీ అనే పిలవడంతో చాలామంది ర్యామ్ ఒక్కటే చూసి ఫోన్ కొంటున్నారు.

కార్డు పెట్టినంత మాత్రాన కెమెరా దాంట్లోకి వెళ్లదు. కెమెరా సెట్టింగ్స్‌లో స్టోరేజ్ దగ్గర ఎస్‌డీ కార్డును మీరే ఎంచుకోవాలి. పాత వీడియోలను ఫైల్స్ యాప్‌లో 'మూవ్' చేయండి. 'కాపీ' నొక్కితే రెండుచోట్లా ఉండిపోతాయి, చోటు రాదు. ఇకముందు కెమెరా సెట్టింగ్స్‌లో వీడియో నాణ్యత 1080పీ పెట్టి తీయండి. నిమిషానికి సుమారు 130 ఎంబీ అవుతుంది. ఇంకా ఎక్కువ నాణ్యత ఉండే 4కేలో అయితే 300 దాటుతుంది, జాతరలో అరగంట తీస్తే 9 జీబీ పైనే.

అసలు బరువు చాలా ఫోన్లలో వాట్సాప్‌దే. దాని ఫైళ్లు ఫోన్‌లోనే పడతాయి, కార్డులోకి పోవు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి. 5 ఎంబీ దాటినవి విడిగా కనిపిస్తాయి. పెళ్లి గ్రూపుల వీడియోలు అక్కడే బయటపడతాయి. అక్కర్లేనివి తీసేసి, వెనక్కి వచ్చి ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. గ్యాలరీలో తీసేసినవి ట్రాష్‌లో ఉంటాయి, అది కూడా ఖాళీ చేస్తేనే చోటు దొరుకుతుంది.

ఏ యాప్‌కైనా 'క్లియర్ క్యాష్' నొక్కవచ్చు, యాప్ తాత్కాలికంగా పెట్టుకున్న ఫైళ్లే పోతాయి. పక్కనే ఉండే 'క్లియర్ డేటా' మాత్రం ముట్టుకోవద్దు, యాప్‌లో దాచుకున్నవన్నీ పోతాయి. ర్యామ్‌ను 4 జీబీ పెంచే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఆపండి. ఆ 4 జీబీ మీ స్టోరేజీలోంచే పోతోంది.

ప్రశ్న: మెమరీ కార్డు పెట్టంగనే ఫార్మాట్ చెయ్యమంటుంది. లోపల పిల్లల ఫొటోలున్నయి.
– హన్మకొండ పాఠకుడు

జవాబు: ఫార్మాట్ నొక్కకండి. కార్డు తీసి, కార్డ్ రీడర్‌తో కంప్యూటర్‌కు పెట్టి చూడండి. అక్కడ తెరుచుకుంటే ముందు ఫొటోలన్నీ కాపీ చేసుకోండి. అక్కడా ఫార్మాటే అడిగితే డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి. ఈలోగా ఆ కార్డులో కొత్తగా ఏదీ ఎక్కించవద్దు, పాత ఫొటోల మీదే రాసేస్తుంది.