తొందరపడి పేరు పెట్టకు, అమ్మడూ

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో రాత్రి చాలాసేపు చూశాను. మన శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటలో పాదు తవ్వుతుంటే, ఈ పాములాంటి జీవి బయటపడిందన్నావు. కూలీలు పామనుకుని కొట్టబోతే ఆపావు చూడు, అక్కడే సగం పని అయింది. "కొత్త జాతేనా మావయ్యా, పేరు నేనే పెట్టొచ్చా" అని అడిగావు. పెట్టొచ్చు. కానీ ఆ మాట రావాల్సింది ఆఖర్న.

ముందు అది పామో కాదో తేల్చుకో. పొట్ట వైపు చూడు. మామూలు పాముకి అక్కడ అడ్డంగా వెడల్పు పట్టీలుంటాయి. నలికీచంటే బల్లికి చుట్టమే, కొన్నింటికి కాళ్లుండవు. అలాంటిదానికి ఒంటి చుట్టూ ఒకేలాంటి నున్నటి పొలుసులు. గుడ్డిపాముకీ అంతే, అందుకే చాలామంది అక్కడ పప్పులో కాలేస్తారు. లెన్సు పెట్టి కన్ను చూడు. గుడ్డిపాము కన్ను పొలుసు కింద నల్లచుక్కలా ఉండిపోతుంది, రెప్ప ఉండదు. మన వైపు నలికీచుకి ఎంత చిన్న కన్నైనా మామూలుగా రెప్ప ఉంటుంది. తోక మాత్రం పట్టుకోకు, తెగి చేతిలోకి వస్తుంది. దోసిట్లో మట్టితో సహా ఎత్తు.

నలికీచే అని తేలినా కొత్తదనేయకు. ఇచ్ఛాపురం దాటితే వచ్చే చిలికా సరస్సులో బర్కుడా దీవి ఉంది. అక్కడ దొరికిన కాళ్లు లేని నలికీచుకి 1917లో జంతుశాస్త్రవేత్త అనన్‌డేల్ బార్కుడియా ఇన్సులారిస్ అని పేరు పెట్టాడు. విశాఖ వైపు దాని చుట్టం బార్కుడియా మెలనోస్టిక్టా ఉంది. సెప్సోఫిస్ అనే మరో కాళ్లు లేని నలికీచు సంగతి ఇంకా విచిత్రం. బెడ్డోమ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1870లో వర్ణించాక నూట ముప్పై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు, ఆ తర్వాతే తూర్పు కనుమల్లో మళ్లీ దొరికింది. నీ చేతిలో ఉన్నది వీటిలో ఒకటి కావచ్చు. అలా తేలినా చిన్నబుచ్చుకోకు. మన జిల్లాలో అది ఏ నేలలో బతుకుతోందో రాసిపెట్టడమూ గొప్ప పనే.

వీటికి నేలే ఇల్లు, కాబట్టి నేల గురించి బాగా రాయి. ఇసుకా, ఎర్రమట్టా? ఎంత లోతున చెమ్మ తగిలింది? రాలిన ఆకు ఎంత మందం? చెదలున్నాయా? తవ్విన గోడకి పక్కన స్కేలు ఆనించి ఫొటో తియ్యి. మట్టిలోంచి కదలని జీవి ఏరు దాటి పోలేదు కదా, అందుకే వంశధారకి ఈ గట్టున ఉన్నదీ ఆ గట్టున ఉన్నదీ వేరుకావచ్చన్న ఆశ నాకూ ఉంది. ఆశని కాగితం మీద నిరూపించాలంటే నడుము చుట్టూ పొలుసుల వరసలు లెక్కపెట్టాలి, డీఎన్‌ఏ చూడాలి, పాత నమూనాలతో పోల్చాలి. ఒక నమూనాని మ్యూజియంలో శాశ్వతంగా దాచాలి. దానికి ముందుగా అనుమతులు కావాలి. మీ డిపార్ట్‌మెంట్ ద్వారా అటవీ శాఖకి ఉత్తరం పెట్టించు. అనుమతి చేతికొచ్చాకే మళ్లీ వెతుకుదాం. డీఎన్‌ఏ కోసం కండ ముక్కని ఇథనాల్‌లో (ఆల్కహాల్‌లో) వేసుకున్నాకే, మిగతా ఒళ్లు కుళ్లకుండా ఫార్మలిన్ మందు పెట్టాలి. ఫార్మలిన్ ముందు తగిలితే డీఎన్‌ఏ పాడవుతుంది.

ఇప్పుడైతే బకెట్లో ఉన్నదానికి తల, పొట్ట, తోక ఫొటోలు దగ్గరగా తీసి, చీకటి పడకముందే ఆ చెట్టు మొదట్లోనే వదిలిపెట్టు. ఎండలో ఉంచకు. ఫేస్‌బుక్‌లో ఊరి పేరు పెట్టకు, పట్టుకుపోయేవాళ్లుంటారు. తోట ఆసామికి ఇవాళే ఫోన్ చేసి, ఆ వరసలో కొన్నాళ్లు పురుగుమందు పొయ్యొద్దని బతిమాలు. ఆదివారం నేనూ వస్తాను, నా లెన్సు తెస్తాను.

మీ మావయ్య